టీవీ చెయ్యి పట్టుకుని నడిపిస్తుందా?

చండ్రుగొండ మండలం అక్కల్లారా, అన్నల్లారా!

జూలై 1 నుంచి మళ్ళీ బడి మొదలైందట. ఎక్కడ? టీవీలో! టీ-శాట్ పెట్టండి, యాదగిరి ఛానల్ పెట్టండి, పిల్లల్ని ముందు కూర్చోబెట్టండి అంటున్నారు. కూర్చోగలిగే పిల్లలు కూర్చుంటారు. కూర్చోలేని మన పిల్లల మాటేంటి?

మా పక్కింటి పిల్లోడికి పుట్టుకతోనే కాళ్ళు బిగుసుకుపోయాయి. వాళ్ళమ్మ వారం వారం చంకనేసుకుని వికలాంగ పిల్లల కోసం నడిపే భవిత కేంద్రానికి తీసుకుపోయేది. అక్కడ మోకాళ్ళు మెల్లగా చాపి, వంచి, మళ్ళీ చాపేవాళ్ళు. ఏడ్చి ఏడ్చి, చివరికి గోడ పట్టుకుని నిలబడ్డాడు! ఆ రోజు వాళ్ళమ్మ వాడంతా బెల్లం పంచింది. 2020 మార్చిలో కరోనా వచ్చి బడులతో పాటే ఆ తలుపూ మూసేశారు. పదహారు నెలలు! ఇప్పుడా మోకాళ్ళు ముట్టుకుంటే చాలు, కేక పెడుతున్నాడు. గోడ మీద వాడి చేతి మరకలు మాత్రం అట్లాగే ఉన్నాయి.

ఇంకో పిల్లోడున్నాడు. బుద్ధి నెమ్మది. టీవీలో సారు మాట్లాడితే లేచి టీవీ వెనక్కి పోయి వెతుకుతాడు, సారు ఎక్కడున్నాడని! వాడికి పాఠమంటే టీచరమ్మ చెయ్యి. ఆ చెయ్యి పట్టుకునే పలక మీద గీత గీశాడు. చెవులు వినపడని పిల్లకు టీవీ ఏం చెబుతుంది? కళ్ళు లేని పిల్లకు ఏం చూపిస్తుంది?

ఇంట్లో మనముంటే ఏదో తంటాలు పడతాం. ఉంటున్నామా? ఇవి నాట్ల రోజులు, పత్తిలో కలుపు రోజులు. కూలికి పోకపోతే పొయ్యి వెలగదు. పోతే ఆ బిడ్డకు ముద్ద పెట్టేదెవరు, బట్ట మార్చేదెవరు? పదేళ్ళ అక్క! దాని చదువూ గోవిందా!

పింఛను 3,016 ఇస్తున్నాంగా అంటారు. ఇస్తున్నారు, కాదనం. పింఛను పాఠం చెబుతుందా?

కరోనా కదా, ఇంటికి ఎవరొస్తారు అంటారా? జ్వరం సర్వేకి ఆశా అక్క గడప గడపా తిరగలేదా? మాస్కు కట్టుకుని, మన గూడేలన్నీ తిరిగింది! 2020 మే నెలలోనే వైను షాపులు తెరిచారు. మొన్న జూన్ 20న లాక్‌డౌన్ మొత్తం ఎత్తేశారు. అన్నిటికీ దారి దొరికింది. ఒక్క మన పిల్లలకే దొరకలేదా?

మనం అడిగేది దానం కాదు. తీవ్రమైన వైకల్యం ఉన్న పిల్లలు ఇంటి దగ్గరే చదువుకునే హక్కు కోరుకోవచ్చని విద్యాహక్కు చట్టంలో 2012లోనే చేర్చారు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఆరేళ్ళ నుంచి పద్దెనిమిదేళ్ళ దాకా ఉచిత చదువు హక్కన్నది. టీవీ ఉన్నోళ్ళకే అని ఎక్కడా రాయలేదు!

ఒక్క మాట. మన కోపం భవిత టీచర్ల మీద కాదు. వాళ్ళవీ కాంట్రాక్టు బతుకులే. పంపితే వస్తారు. పంపాల్సింది పైవాళ్ళు.

వారానికి రెండుసార్లు టీచరమ్మ ఇంటికి రావాలి! ఫిజియోథెరపీ ఈ నెలలోనే మొదలవ్వాలి! రాగలిగే పిల్లలకు, ఒక్కసారికి ఇద్దరిద్దరినైనా సరే, భవిత గది తెరవాలి! దారి ఖర్చులివ్వాలి!

తుంగారం, బెండాలపాడు, రావికంపాడు, తిప్పనపల్లి, గూడేలూ తండాలూ అందరూ రండి. సోమవారం పొద్దున పది గంటలకు మండల విద్యాశాఖ ఆఫీసు ముందు కలుద్దాం. ఒక్కపూట కూలి పోతుంది, తెలుసు. అయినా రండి. బిడ్డను మోసుకు రానక్కర్లేదు, వైకల్యం ఉందని ఇచ్చే సదరం సర్టిఫికెట్ జిరాక్సు తెండి చాలు. అది లేకపోయినా రండి. ఇంట్లో అట్లాంటి బిడ్డ లేనోళ్ళూ రండి. మాస్కు మర్చిపోకండి.

ఈ కాగితం చదివినోళ్ళు, చదువు రాని పక్కింటోళ్ళకు చదివి వినిపించండి.

ఇట్లు,
చండ్రుగొండ మండలంలోని వికలాంగ పిల్లల తల్లిదండ్రులు
జూలై, 2021