పట్టాలు లేని దారి

రైల్వే పట్టణమైన ఖరగ్‌పూర్‌లో విమానాల ప్రస్తావన విడ్డూరంగా తోచవచ్చును. కాని 1944లో అమెరికన్ బాంబర్ల దళానికి ఇది ప్రధాన స్థావరం. నేటికీ పొరుగున కలైకుండలో వైమానిక దళ శిక్షణ సాగుతున్నది. ఇక్కడి తెలుగు రైల్వే ఉద్యోగులతో ముచ్చటించినప్పుడు నాకు ఎదురైన ప్రశ్న ఒకటి: నేలకు దిగిన తరువాత కూడా విమానం దారి ఎందుకు తప్పుతుంది?

రైలు చక్రపు అంచు పట్టాను వదలనివ్వదు. చిన్న విమానానికి అట్టి ఆధారం లేదు. వేగంగా పరుగెత్తునంత సేపు తోకపై చుక్కాని గాలి ఒత్తిడితో దిశను నిలుపుతుంది. వేగం తగ్గిన కొద్దీ దాని పట్టు సడలి, భారం ముందు చక్రం మీద, బ్రేకుల మీద పడుతుంది. ఈ సంధికాలంలో పక్కగాలి కొట్టినా, చక్రాలు నీటిపొరపై తేలినా, పైలట్ కాలు క్షణం ఆలస్యంగానో అతిగానో కదిలినా విమానం పక్కకు మళ్లుతుంది.

ఇట్టి ప్రమాదాలలో ప్రాణనష్టం తరచు ఉండదు. అందుచేత పత్రికలో నాలుగు పంక్తులు, సభలో మహా అయితే నక్షత్ర గుర్తు లేని ఒక ప్రశ్న. 2023 సెప్టెంబరు 14న విశాఖ నుంచి వెళ్లిన చిన్న జెట్ విమానం భారీ వర్షంలో ముంబయి రన్‌వే మీది నుంచి పక్కకు దూసుకుపోయింది. ఎనిమిది మందీ బతికారు. ఉదంతం త్వరలోనే మరుగున పడింది. సాధారణంగా తప్పు పైలట్‌దని తేల్చడం తేలిక. రన్‌వేపై నీరెందుకు నిలిచింది, పక్కగాలిలో దిగడానికి శిక్షణ ఎంత ఇచ్చారు, బ్రేకులను ఎవరు తనిఖీ చేశారు అన్న ప్రశ్నలు మాత్రం శాఖ గడప తొక్కుతాయి.

ఇక్కడనే ఒక వైచిత్రి కలదు. రైల్వే భద్రతా కమిషన్ రైల్వే శాఖ కింద లేదు. దాని పూర్వరూపమైన తనిఖీ వ్యవస్థను 1941లోనే రైల్వే బోర్డు నుంచి విడదీశారు. నేడది పౌర విమానయాన శాఖ కింద ఉన్నది. 2023 జూన్ 2న ఖరగ్‌పూర్ డివిజన్‌లోని బాహానగా బజార్ వద్ద 290 మందికి పైగా మరణించినప్పుడు, సిగ్నల్ విభాగంలో పలు స్థాయుల లోపాలను ఎత్తిచూపినది ఆ కమిషనరే.

మరి విమాన ప్రమాదాల మాట? దర్యాప్తు బ్యూరో, నియంత్రణ చేసే డైరెక్టరేట్, అనేక రన్‌వేలను నడిపే ప్రాధికార సంస్థ, మూడూ అదే విమానయాన శాఖ గొడుగు కిందివే. 1934 నాటి చట్టం స్థానంలో 2025 జనవరి 1న వచ్చిన భారతీయ వాయుయాన్ అధినియమ్ కూడ ఈ ఏర్పాటును మార్చలేదు. ఆ ఏడాది ఆగస్టులో పార్లమెంటరీ స్థాయీ సంఘం డైరెక్టరేట్‌లో దాదాపు సగం ఉద్యోగాలు ఖాళీ అన్నది. దానికి స్వయంప్రతిపత్తి కావాలన్నది. దర్యాప్తు బ్యూరోకు ఆ అవసరం మరింత ఎక్కువ.

2024 జూన్‌లో ఈ శాఖను చేపట్టినది శ్రీకాకుళం సభ్యుడు కింజరాపు రామ్మోహన్ నాయుడు. ఖరగ్‌పూర్ తెలుగు కుటుంబాలలో అనేకం ఆ తీరం నుంచి వచ్చినవే. తన తప్పును తానే విచారించుకొనరాదని రైల్వేకు ఎనభై ఏళ్ల క్రితం పెట్టిన నియమం విమానాలకు ఎందుకు వర్తించదో, మన సభ్యులు సభలో అడిగితే సమాధానం రాక తప్పదు. ప్రాణాలు పోని ప్రమాదం చవకగా దొరికిన పాఠం. దానిని చదివే పని స్వతంత్రునికి అప్పగించడం మేలు.