అలవాటుపడేది మెదడు, చెవి కాదు

కోటప్పకొండ తిరునాళ్ళలో ప్రభల ముందు మ్రోగే సౌండు బాక్సుల సంగతి ఎత్తితే చాలు, మావాళ్ళు ఒకే సమాధానం చెబుతారు: "అలవాటైపోయింది డాక్టరుగారూ, మాకేమీ అనిపించదు." ఏమీ అనిపించకపోవడమే ప్రమాదమని నా వాదన.

చెవి చేసే పని గాలిలోని ప్రకంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చడం వరకే. లోపలి చెవిలో నత్తగుల్లను పోలిన కాక్లియాలో సుమారు 15,000 రోమకణాలు ఉంటాయి. అక్కడ పుట్టిన సంకేతం శ్రవణనాడి గుండా మెదడును చేరుతుంది. ఇది పాట, ఇది మనవరాలి పిలుపు అని తేల్చేది మెదడే. శబ్దం రెండు చెవులను చేరడంలో ఉండే సెకనులో వెయ్యోవంతుకన్నా తక్కువ తేడాను బట్టి, అది ఏ దిక్కునుండి వచ్చిందో కూడా గుర్తిస్తుంది. అక్కరలేని రొదను పక్కకు నెట్టడమూ దాని పనే. తిరిగే ఫ్యాను చప్పుడును మనం మరచిపోయేది అందువల్లనే.

ఆ మరపునే జనం అలవాటు అంటున్నారు. రోమకణానికి అలవాటన్నది లేదు. 100 డెసిబెల్సు శబ్దాన్ని రోజుకు 15 నిమిషాలకు మించి వినరాదని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ సూచన. మన పిల్లలు ఆ బాక్సుల ముందు గంటల తరబడి ఎగురుతున్నారు! నశించిన రోమకణం పల్నాటి పందెపు కోడికైతే మళ్ళీ పుడుతుంది, మనిషికి పుట్టదు.

మరునాడు చెవిలో గుయ్యిమనే మోత రెండు రోజులకు తగ్గవచ్చు. తగ్గింది కనుక బాగైనట్టేనా? కాదు. వినికిడి తిరిగి మామూలైనా, రోమకణానికీ నాడికీ నడుమ ఉన్న సంధులు శాశ్వతంగా తెగిపోవచ్చునని 2009లో ఎలుకలపై జరిగిన పరిశోధన చూపింది. "వినపడుతోంది గానీ మాట అర్థం కావడం లేదు" అంటూ ఓ.పి.కి వచ్చిన పెద్దలను నేనెందరినో చూశాను. ఇంట్లోవాళ్ళు దానిని చాదస్తమనేవారు.

2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాలలో రాత్రి పరిమితి 45 డెసిబెల్సు. పండుగలకిచ్చే సడలింపు కూడా అర్ధరాత్రి వరకే, అదీ ఏడాదికి 15 రోజులకు మించరాదు. అనుమతి పత్రంపై సంతకం చేసేవారు డెసిబెల్ మీటరుతో ఒక్కసారైనా కొలిచారా?

భక్తికి అడ్డుపడుతున్నానని కొందరు కోప్పడతారు. ప్రభ కంటికి పండుగ. నా చిన్నతనంలో ఎడ్ల మెడలో గంటలతో, డప్పులతోనే అది కొండకు చేరేది. కోటయ్యస్వామి ఏనాడూ అలగలేదు.