కారు రంగుమీది కనబడని పొర

ఈ మధ్య మన కుటుంబాలలో కొత్త కారు కొన్నవారిని పలకరిస్తే, ధర చెప్పిన తరువాత వారు చెప్పే రెండవ మాట ఒకటి ఉన్నది. "పి.పి.ఎఫ్. కూడా వేయించామండీ, ఇక రంగుకు ఏ భయమూ లేదు" అంటారు. బెంగుళూరులోనూ, చెన్నైలోనూ, ముంబైలోనూ ఇదే మాట. ఆ పొరకు పెట్టే సొమ్ము కొద్దిపాటిది కాదు. కారు ముందుభాగానికి మాత్రమే అయినా వేలలో ఉంటుంది. ఒళ్లంతా కప్పిస్తే లక్ష దాటడం కూడా కద్దు. అంత ఖర్చు చేసిన తరువాత ఇక చింత లేదనుకోవడం సహజమే. కాని ఈ నెల మేము చెప్పదలచిన సంగతి ఒక్కటే. ఆ పొర రంగును కాపాడుతుంది, నిజమే. ఆ పొరను కాపాడవలసినది మాత్రం మనమే. చేనికి కంచె వేసిన రైతు అప్పుడప్పుడు వెళ్లి ఆ కంచెను కూడా చూసుకొంటాడు గదా!

ముందుగా ఈ పొర ఏమిటో తెలుసుకొందాము. దీని పూర్తి పేరు పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్. వియత్నాం యుద్ధకాలంలో అమెరికా సైన్యపు హెలికాప్టర్ల రెక్కలకు ఇసుక, రాళ్లు తగిలి అంచులు దెబ్బతింటూ ఉంటే, వాటి రక్షణకోసం పుట్టిన వస్తువు ఇది. తరువాత పందెపు కార్లకు, ఆ పైన ఇంటి కార్లకు వచ్చింది. మంచి రకాన్ని పాలీయురెథేన్ అనే సాగే ప్లాస్టిక్కుతో చేస్తారు. మందం సాధారణంగా 150 నుంచి 200 మైక్రాన్ల దాకా ఉంటుంది. అంటే మన తలవెంట్రుకకు రెండు మూడు రెట్లు. అడుగున జిగురు, నడుమ పాలీయురెథేన్, అన్నిటికీ పైన పలుచని మరొక పూత. విశేషమంతా ఈ పైపూతలోనే ఉన్నది. తుడిచేటప్పుడు పడే సన్నని గీతలు ఎండ వేడికి వాటంతట అవే పూడుకొని పోతాయి. నీడలో నిలిపే కారైతే, చెయ్యి పట్టగలిగినంత వేడినీళ్లు ఆ గీతలమీద మెల్లగా పోసినా చాలు. అయితే తాళంచెవితో గీసిన గీత, పైపూతను దాటి లోపలికి దిగిన గాటు ఏ ఎండకూ పూడవు.

కొనేటప్పుడే అడిగి తెలుసుకోవలసిన మాట ఒకటి ఉన్నది. చవకగా దొరికే కొన్ని పొరలు పి.వి.సి.తో చేసినవి. చూపులకు రెండూ ఒకటే. కాని పి.వి.సి. పొర మన ఎండలకు త్వరగా పసుపెక్కి, పెళుసుబారుతుంది. అలా లోపల ఎక్కిన పసుపును ఏ సబ్బూ వదలించలేదు. కనుక ఏ పదార్థంతో చేసినదో, ఎన్నేళ్లు హామీ ఇస్తారో, ఆ హామీలో ఏవి చేరవో కాగితంమీద వ్రాయించి తీసుకోవలె. చాలామంది ఈ చివరి సంగతి చదవరు. శ్రద్ధ తీసుకోకపోవడం వల్ల పడిన మరకలకు హామీ సాధారణంగా వర్తించదు.

పొర వేయించిన మొదటి వారం రోజులు కారును కడగకుండా ఉండడం మంచిది. పొరను నీటితో తడిపి అంటిస్తారు కాబట్టి, అడుగున కొద్దిగా చెమ్మ నిలిచి చిన్న చిన్న పొక్కులవలె కనబడుతుంది. కొన్నాళ్లకు ఆ చెమ్మ ఆరిపోతుంది, పొక్కులు అణగిపోతాయి. తొందరపడి సూదితో పొడవరాదు, గోటితో నొక్కరాదు. నెల గడిచినా పోని పొక్కును వేసినవారికే చూపించవలె.

ఇక కడిగే పద్ధతి. మన ఇళ్లలో అపార్ట్‌మెంటు కార్లను తెల్లవారుజామున ఒక మనిషి వచ్చి తుడిచి పోతూ ఉంటాడు. అతని చేతిలో ఒక బకెట్టు, ఒక గుడ్డ. తుడవవలసిన కార్లు ఇరవై. మొదటి కారుమీది ఇసుక రెండవ కారుకు, పదవ కారుమీది ఇసుక పదకొండవ కారుకు ఆ గుడ్డే మోసుకొనిపోతుంది. పైగా దుమ్ము పట్టిన బానెట్టును పొడిగుడ్డతో రుద్దితే, రుద్దినది గుడ్డ కాదు, ఇసుక. మంచి పొర అయినా రోజూ అలా రుద్దుతూ పోతే పైపూత అరిగి మసకబారుతుంది. గీత కనబడిన నాడు మనము అతనిమీద కోప్పడతాము. నెలకు కొద్ది వందలు తీసుకొని, ఎనిమిది గంటలలోపు ఇరవై కార్లు పూర్తి చేయవలసిన మనిషికి మరొక దారి ఏమున్నది? లక్ష పెట్టి పొర వేయించిన ఇంటివారు, మరొక బకెట్టు, నాలుగు మైక్రోఫైబర్ గుడ్డలు ఇంటి నుంచే ఇచ్చి, రోజూ పొడిగా తుడిచే బదులు వారానికి ఒకసారి తీరికగా కడగమని చెప్పి, ఆ శ్రమకు తగిన సొమ్ము ఇవ్వడం న్యాయం. కారుకూ మంచిది, ఆ మనిషికీ మంచిది.

పద్ధతి కష్టమైనది కాదు. కారును నీడలో నిలిపి, బానెట్టుకు చెయ్యి పెడితే చల్లగా తగిలేదాకా ఆగవలె. మొదట వట్టి నీళ్లు పోసి దుమ్మును జారనివ్వవలె. ఒక బకెట్టులో కార్ల కోసమే తయారయ్యే, క్షారంగాని ఆమ్లంగాని లేని షాంపూ కలిపిన నీళ్లు, రెండవ దానిలో మంచినీళ్లు పెట్టుకోవలె. గుడ్డను షాంపూ నీటిలో ముంచి, పైకప్పు నుంచి కిందికి వస్తూ, ఒక్కొక్క భాగం తుడిచినప్పుడల్లా మంచినీటి బకెట్టులో జాడించి పిండుకొని, మళ్లీ షాంపూలో ముంచవలె. చక్రాలకు, అడుగుభాగానికి వేరే గుడ్డ ఉండవలె. బట్టల సబ్బుపొడి, గిన్నెల సబ్బు, చాకలిసోడా ఈ పనికి పనికిరావు. కొబ్బరిపీచు మాట చెప్పనే అక్కరలేదు. నీళ్లను ఒత్తిడితో కొట్టే యంత్రం వాడేచోట రెండు మూడు అడుగుల దూరం నుంచి, పొరకు ఎదురుగా కొట్టించవలె గాని, అంచు కిందికి దూరేటట్లు ఏటవాలుగా కొట్టించరాదు. ఒకసారి అంచు లేచి లోపలికి మట్టి పోతే, ఆ అంచు మళ్లీ అంటుకోదు. దానిని ఇంట్లో ఉన్న జిగురుతో అంటించబోతే కింది రంగుకే ముప్పు.

నీటి విషయం మన ఊళ్లలో ప్రత్యేకంగా ఆలోచించవలసినది. 2024 మార్చిలో నీటి ఎద్దడి వచ్చినప్పుడు బెంగుళూరు జలమండలి త్రాగేనీటితో వాహనాలు కడగడాన్ని నిషేధించి, మీరినవారికి 5,000 రూపాయల జరిమానా ప్రకటించింది. గొట్టం వదలిపెట్టి కడిగితే నిమిషానికి పది పదిహేను లీటర్లు పోతాయి. పైన చెప్పిన బకెట్ల పద్ధతికి మొత్తం మీద నలభై యాభై లీటర్లు చాలు. బోరునీళ్లు వాడేవారికి మరొక చిక్కు ఉన్నది. ఆ నీటిలోని సున్నపు లవణాలు ఎండకు ఆరి తెల్లని చుక్కలుగా నిలిచిపోతాయి. అందుకే కడిగిన వెంటనే మెత్తని పొడిగుడ్డతో నీళ్లు అద్దవలె. అప్పటికే చుక్కలు పడి ఉంటే, వెనిగరులో అంతే నీరు కలిపి, గుడ్డతో ఒక నిమిషం అద్ది, వెంటనే కడిగివేయవలె. నీటిని శుద్ధిచేసే యంత్రం వదలిపెట్టే నీళ్లను వృథా చేయరాదని కొందరు గృహిణులు వాటితో కారు కడిగిస్తూ ఉంటారు. ఉద్దేశం మంచిదే కాని, ఆ నీటిలో లవణాలు మరింత ఎక్కువ. వాటిని వాకిలి కడగడానికి ఉంచి, ఏ.సి. యంత్రం నుంచి కారే నీళ్లను వడపోసి కారుకు చివరి కడుగుకు వాడండి. అందులో లవణాలు దాదాపు ఉండవు. యానాం, చెన్నై, గోపాలపురం వంటి సముద్రపు గాలి తగిలే చోట్ల ఉన్నవారు మాత్రం ఉప్పు పేరుకోకుండా పది రోజులకు ఒకసారైనా వట్టినీళ్లతో కడిగించడం మేలు.

ఈ పొరకు ముఖ్యమైన శత్రువులు చెట్టు నుంచి వస్తాయి. కాకి, పావురం రెట్టలో యూరిక్ ఆమ్లం ఉంటుంది. మధ్యాహ్నపు ఎండకు పైపూత కాస్త మెత్తబడినప్పుడు అది లోపలికి దిగి, సాయంత్రం చల్లబడేసరికి ముద్రవలె నిలిచిపోతుంది. రాత్రి ప్రయాణంలో బంపరుకు కొట్టుకొని చచ్చిన పురుగులూ అంతే. చెట్ల జిగురూ అంతే. వీటిని గోకరాదు. తడిగుడ్డను అయిదు నిమిషాలు మరకమీద పరచి, నానిన తరువాత మెల్లగా ఎత్తివేయవలె. ఆనాటిది ఆనాడే తీస్తే రెండు నిమిషాల పని. వారం ఆగితే ఆ మచ్చ ఇక పోకపోవచ్చు. తారు చుక్కలు పడితే నీళ్లు కలిపిన ఐసోప్రొపైల్ ఆల్కహాలును గుడ్డకు తడిపి అద్ది, వెంటనే కడగవలె. పెట్రోలు, కిరసనాయిలు, డీజిలు తాకనివ్వరాదు. కిరసనాయిలు గుడ్డతో తుడిస్తే కారు అప్పటికి తళతళలాడుతుంది, పొర మాత్రం చెడుతుంది.

ఇక మన పండుగ సంగతి. కన్నడదేశంలోనూ తమిళదేశంలోనూ స్థిరపడిన మనము మహర్నవమినాడు ఆయుధపూజ చేసి, కారుకు పసుపు, కుంకుమ, గంధం పెట్టుకొంటాము. అది మానమని మేము అనము. కాని పసుపు గట్టి రంగు. బట్టమీద పడిన పసుపు సబ్బు తగలగానే ఎర్రబడడం మన ఇల్లాండ్రందరికీ తెలిసినదే. క్షారం తగిలితే పసుపు స్వభావం అది. పసుపులో సున్నం కలిపి దిష్టి తీసే ఎర్రనీళ్లు అందుకే ఎర్రబడతాయి. అవి బానెట్టుమీద చిలికితే రంగూ, క్షారమూ రెండూ పొరకు పడతాయి. పెద్దల ఆచారం నిలుపుకొంటూనే చేయదగిన మార్పులు ఉన్నాయి. బొట్టును బానెట్టుకు బదులు ముందు అద్దంమీద పెట్టండి. గాజుకు ఏ మరకా అంటదు. దిష్టినీళ్లు చక్రాల దగ్గర నేలమీద పోయండి. నిమ్మకాయలు చక్రాల కింద పెట్టండి గాని, కోసిన చెక్కలను బానెట్టుమీద ఉంచవద్దు. పూలదండను ఇనుపతీగతో గాక దారంతో కట్టి, ఆ రాత్రే తీసివేయండి. పసుపు అంటినా కంగారు పడవద్దు. వెంటనే షాంపూ నీళ్లతో కడిగి, మిగిలిన ఛాయను ఎండకు వదలండి. పసుపుచీర ఎండలో వెలిసినట్లే అదీ చాలావరకు వెలిసిపోతుంది.

అంచుల వెంట నల్లని గీత కనబడితే అది చాలా సార్లు పొర చెడడం కాదు, జిగురుకు అంటుకొన్న దుమ్ము. మెత్తని కుంచెను షాంపూ నీటిలో తడిపి అంచు పొడవునా తుడిస్తే పోతుంది. యంత్రంతో రుద్ది మెరుగుపెట్టించడం మాత్రం వద్దు. ఆ వేడికి, ఆ రాపిడికి పైపూతే లేచిపోతుంది. పొర అయిదు నుంచి పదేళ్ల దాకా పనిచేస్తుంది. తరువాత దానిని వేడిచేసి, మెల్లగా లాగి తీసివేయవలె. ఇది ఇంట్లో చేయదగిన పని కాదు. ప్రమాదం తరువాత మళ్లీ రంగు వేయించిన భాగమైతే, తొందరపడి లాగినప్పుడు రంగు కూడా ఊడివచ్చే అవకాశం ఉన్నది. ఆ సంగతి పనివారికి ముందే చెప్పవలె.

కారు అప్పుడే కొననున్నవారికి ఒక మాట. ఒళ్లంతా పొర వేయించే స్తోమత అందరికీ ఉండనక్కరలేదు. రాళ్లు తగిలేది ముఖ్యంగా బంపరు, బానెట్టు ముందుభాగం, పక్క అద్దాల వెనుక వైపు. వీటికి మాత్రం వేయించుకొన్నా చాలు. మిగిలిన సొమ్ములో కొంత మంచి గుడ్డలకు, మంచి షాంపూకు, శ్రద్ధగా కడిగే మనిషికి పెడితే, ఒళ్లంతా కప్పి వదలివేసిన కారు కంటె ఆ కారే అయిదేళ్ల తరువాత కొత్తదిగా ఉంటుంది.