బిల్లు కట్టాక లెక్కలు

రోడ్లు వేశామని 3 కోట్ల డాలర్లు, బంకర్లు కట్టామని 1.5 కోట్ల డాలర్లు ఇమ్మని పాకిస్తాన్ సైన్యం అమెరికాకు బిల్లు పెట్టింది. అమెరికా రక్షణ శాఖ కట్టేసింది. ఆ రోడ్లు, బంకర్లు నిజంగా ఉన్నాయనడానికి రుజువు అడగలేదు. గగనతల రక్షణ రాడార్ల పేరిట మరో 20 కోట్ల డాలర్లు చెల్లించింది. అల్‌ఖైదాకు యుద్ధ విమానాలు లేవు కదా, ఈ రాడార్లు ఎవరి మీదకు అన్న ప్రశ్న బిల్లు పాస్ చేసిన అధికారులకు తట్టినట్టు లేదు.

ఇవి పాక్ వ్యతిరేకులు అల్లిన కథలు కావు. మన కాగ్ మాదిరిగా అమెరికా కాంగ్రెస్ తరఫున ప్రభుత్వ పద్దులు తనిఖీ చేసే జీఏఓ 2008 జూన్‌లో బయటపెట్టిన సంగతులు. ఉగ్రవాదంపై పోరులో సహకరించినందుకు అయిన అదనపు ఖర్చును తిరిగి ఇచ్చే పద్దు కింద అప్పటికి పాకిస్తాన్‌కు ముట్టింది సుమారు 556 కోట్ల డాలర్లు. అందులో 2004 జనవరి నుంచి 2007 జూన్ దాకా జరిగిన కార్యకలాపాల కోసం చెల్లించిన 200 కోట్ల డాలర్లకు పైగా సొమ్ముకు, మరొకరు లెక్క సరిచూసుకునేందుకు తగిన వివరాలే లేవని జీఏఓ తేల్చింది.

దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయని సామెత. ఇక్కడ కుక్క మొరుగుతూనే ఉంది, యజమాని లేవలేదు. నివేదిక వచ్చాక కూడా మరో పదేళ్లు ఈ పద్దు నడిచింది. మొత్తం 1,400 కోట్ల డాలర్లు దాటాక 2018లో ట్రంప్ ప్రభుత్వం ఆపింది. అదీ లెక్కలు తేలలేదని కాదు, తాలిబన్లకు ఆశ్రయం ఇస్తోందన్న కోపంతో. అఫ్ఘానిస్తాన్‌లోని అమెరికా సైన్యానికి సరుకు చాలావరకు కరాచీ రేవులో దిగి పాక్ రోడ్ల మీదుగా వెళ్లేది. దారి చేతిలో ఉన్నవాడిని రసీదు అడగడం కష్టం. 2022లో పాక్ ఎఫ్-16ల నిర్వహణకు 45 కోట్ల డాలర్ల ఒప్పందాన్ని వాషింగ్టన్ ఆమోదించింది. ఇది ఉగ్రవాదంపై పోరు కోసమే అంటే ఎవరూ నమ్మరని మన విదేశాంగ మంత్రి జైశంకర్ అక్కడికే వెళ్లి చెప్పాల్సి వచ్చింది.

తుపాకుల కథ కూడా ఇంతే. అఫ్ఘాన్ బలగాలకు అమెరికా కొని పంపిన 2.42 లక్షల ఆయుధాల్లో దాదాపు 87 వేలకు పూర్తి రికార్డులు లేవని జీఏఓ 2009లో చెప్పింది. అఫ్ఘాన్ పునర్నిర్మాణ ఖర్చుపై నిఘాకు 2008లో ఏర్పడిన ప్రత్యేక ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయం సిగార్ 2014లో మళ్లీ చూసింది. ఒక డేటాబేస్‌లోని 4,74,823 ఆయుధాల సీరియల్ నంబర్లలో 2,03,888కి వివరాలు లేకపోవడమో, అదే నంబరు రెండోసారి నమోదవడమో జరిగింది. అంటే 43 శాతం. 2021 ఆగస్టులో కాబూల్ కూలినప్పుడు అఫ్ఘాన్ సైన్యానికి ఇచ్చిన 712 కోట్ల డాలర్ల సామగ్రి ఆ దేశంలోనే మిగిలిపోయింది.

ఇక మాదకద్రవ్యాలు. 2002 నుంచి 2017 దాకా అఫ్ఘాన్‌లో వాటి నిర్మూలనకు అమెరికా 862 కోట్ల డాలర్లు కేటాయించింది. ఒక్క పథకం కూడా నల్లమందు సాగును శాశ్వతంగా తగ్గించలేదని సిగార్ 2018లో కుండబద్దలు కొట్టింది. ఐక్యరాజ్యసమితి లెక్కల్లో 2001లో 8 వేల హెక్టార్లున్న సాగు 2017లో 3.28 లక్షల హెక్టార్లకు చేరింది. తొలి రోజుల్లో బ్రిటన్ ఆధ్వర్యంలో పంట నాశనం చేసుకున్న రైతుకు పరిహారం ఇస్తే, పరిహారం ఆశతో మరికొందరు అదే పంట వేశారు. తనిఖీకి దొరికేది దున్నేసిన హెక్టార్ల సంఖ్య. రైతు ఆ పంటే ఎందుకు వేస్తున్నాడన్నది ఏ పట్టికలోనూ ఇమడదు. నల్లమందు పాడవదు, వ్యాపారి పొలం దగ్గరికే వస్తాడు, ముందే అప్పిస్తాడు. గోధుమకు ఆ భాగ్యం లేదు. 2022 ఏప్రిల్‌లో తాలిబన్లు నిషేధించాక మరుసటి ఏడాది సాగు 95 శాతం పడిపోయింది. కానీ నల్లమందుపై రైతుల రాబడి 136 కోట్ల డాలర్ల నుంచి 11 కోట్లకు దిగింది. ఆ లోటు పూడ్చే దారి చూపకపోతే ఆ నిషేధం కూడా ఎన్నాళ్లు నిలుస్తుందో అనుమానమే.

ఇదంతా మనకెందుకు అనుకోవడానికి లేదు. 2021 సెప్టెంబర్‌లో గుజరాత్‌లోని ముంద్రా రేవులో దాదాపు 3 వేల కిలోల హెరాయిన్ పట్టుబడింది. అఫ్ఘాన్ నుంచి ఇరాన్ మీదుగా టాల్కం రాయి పేరిట వచ్చిన ఆ సరుకును దిగుమతి చేసుకున్న సంస్థ చిరునామా విజయవాడది. వాషింగ్టన్‌లో సరిచూడని లెక్క మన వీధి దాకా రాగలదు.

నివేదికలు వినకపోవడం ఒక ఎత్తు, రాసేవారినే పంపేయడం ఇంకో ఎత్తు. 2025 జనవరిలో ట్రంప్ ఒక్క దెబ్బకు పలువురు ఇన్‌స్పెక్టర్ జనరళ్లను తొలగించారు. పన్నెండేళ్లకు పైగా సిగార్‌ను నడిపిన జాన్ సోప్కో కూడా ఇంటికెళ్లారు.

అమెరికాను చూసి నవ్వుకోవడం తేలిక. అయితే మనమూ ఇప్పుడు ఇచ్చేవాళ్లమే. వియత్నాంకు, బంగ్లాదేశ్‌కు చెరో 50 కోట్ల డాలర్ల రక్షణ రుణం ప్రకటించాం. అఫ్ఘాన్‌కు మనం బహూకరించిన యుద్ధ హెలికాప్టర్ ఒకటి 2021 ఆగస్టులో కుందుజ్‌లో తాలిబన్ల చేతికి చిక్కింది. అది ఎగిరే స్థితిలో లేకపోవడం మన అదృష్టం. మనమిచ్చిన ఆయుధం ఇవాళ ఎక్కడుంది, ఎవరి మీద గురిపెట్టి ఉంది అన్నది పార్లమెంటు ఏటా అడగాలి. జవాబు కాగితం మీద రావాలి, తర్వాతి వాయిదా విడుదలయ్యే ముందే రావాలి. సొమ్ము చెల్లించాక వచ్చే ఆడిట్ చరిత్రకు పనికొస్తుంది, ఖజానాకు కాదు.