హుస్సేన్ ఖాన్ నెత్తురు నేర్పిన పాఠం

ఏటా ఆగస్టు 20న లోకమంతా దోమల దినోత్సవం పాటిస్తుంది. ఆ తేదీకి పుట్టినిల్లు మన సికింద్రాబాదే. 1897లో ఆ రోజున బేగంపేటలో రోనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు, మలేరియా రోగిని కుట్టిన దోమ కడుపులో ఆ వ్యాధి క్రిమిని కనుగొన్నాడు. ఆ రోగి పేరు హుస్సేన్ ఖాన్. కుట్టిన ఒక్కో దోమకు ఒక్కో అణా చొప్పున పుచ్చుకొని, జ్వరంతో కాగుతున్న దేహాన్ని పరిశోధనకు అప్పగించాడు. 1902లో రాస్‌కు నోబెల్ బహుమతి లభించింది. ఖాన్ పేరు మాత్రం మన మొహల్లాల్లోనే వినిపించదు.

పేరు మరిచినా, పాఠాన్ని మరువరాదు. దోమను ఆపితే జ్వరం ఆగుతుందన్నదే ఆ పాఠం. వానాకాలం వచ్చిందంటే నేడు మనల్ని వేధిస్తున్నది ముఖ్యంగా డెంగీ. మలేరియాను మోసే అనాఫిలిస్ దోమ రాత్రివేళ కుడుతుంది. డెంగీని మోసే ఏడిస్ దోమ పగటిపూట కుడుతుంది. అది మనం దాచుకున్న మంచినీటి పాత్రల్లోనే గుడ్లు పెడుతుంది. గుడ్డు దోమగా మారడానికి సుమారు వారం, పది రోజులు పడుతుంది. నీరు పారబోసినా, పాత్ర గోడలకు అంటిన గుడ్లు నెలల తరబడి నిలిచి, మళ్లీ తడి తగలగానే పొదుగుతాయి. కనుక వారానికొకసారి డ్రమ్ములు, కూలర్లు ఖాళీ చేసి, లోపలి గోడలు తోమి, ఆరబెట్టి, నీరు పట్టాక మూత బిగించాలి. ఇందుకు జుమా ఉదయాన్ని మించిన సమయం లేదు. మసీదు కమిటీలు వుజూ హౌజులను కూడా చూసుకోవాలి. ఖతీబులు ఖుత్బాకు ముందు రెండు మాటలు చెబితే, అవి ప్రతి ఇంటికీ చేరతాయి.

అయితే భారమంతా గృహిణుల మీద మోపి అధికారులు చేతులు దులుపుకోవడం న్యాయం కాదు. పేదల ఇళ్లలో ఇన్ని డ్రమ్ములు ఎందుకున్నాయి? నల్లా నీరు రోజూ రాదు కనుక! సికింద్రాబాదులో ఒక వీధి నగరపాలక సంస్థది, పక్క వీధి కంటోన్మెంట్ బోర్డుది. ఈ హద్దులు దోమకు తెలియవు. ఫిర్యాదు పట్టుకొని తిరిగే పేదవానికి మాత్రం బాగా తెలుసు. ప్రజారోగ్యాన్ని మెరుగుపరచడం ప్రభుత్వ ప్రాథమిక విధులలో ఒకటని రాజ్యాంగం 47వ అధికరణ నిర్దేశిస్తోంది. నిధులు లేవన్న సాకుతో మురుగు కాల్వల బాధ్యతను మున్సిపాలిటీ తప్పించుకోజాలదని 1980లోనే రత్లాం కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. నీరు, మురుగు పారుదల ఎవరో వేసే భిక్ష కాదు, మన హక్కు.

జ్వరం వచ్చినప్పుడు అజ్ఞానమూ, భయమూ రెండూ ముప్పే. డెంగీ అనుమానముంటే ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వాడరాదు. అవి రక్తస్రావపు ముప్పును పెంచుతాయి. వైద్యుడు చెప్పిన మోతాదులో పారాసిటమాల్, పుష్కలంగా ద్రవాహారం, విశ్రాంతి అవసరం. జ్వరం తగ్గిందని నిశ్చింతగా ఉండరాదు. ఆ తర్వాతి 24 నుంచి 48 గంటలే కీలకం. తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి నెత్తురు, మగత కనిపిస్తే క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి తరలించాలి. ప్లేట్‌లెట్లు తగ్గాయన్న మాట వినగానే అప్పుల పాలు కానక్కరలేదు. బస్తీ దవాఖానా, నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి మన పన్నులతో నడిచేవే.

ప్రతి మొహల్లాలో పదిమంది యువకులు ముందుకు రావాలి. వారంవారం ఇంటింటా నీటి పాత్రలు చూడాలి; నిలిచిన నాలాల ఫొటోలతో అధికారులకు లిఖితపూర్వకంగా అర్జీలిచ్చి, రసీదు తీసుకోవాలి. మన వంతు మనం చేసినప్పుడే ప్రభుత్వాన్ని దాని వంతు గట్టిగా అడగగలం. హుస్సేన్ ఖాన్‌కు మనం అర్పించగల నివాళి ఇదే.