తాతల నేతులు, మన మూతులు

"ఆబ్జెక్టుల పద్ధతిలో వ్రాస్తే ప్రోగ్రాము పునర్వినియోగానికి పనికివస్తుంది." ఈ వాక్యాన్ని మంత్రంలా వల్లించి పరీక్షలు గట్టెక్కినవాళ్ళమే మనలో చాలామందిమి. జంతువు ఒక క్లాసు, కుక్క దానికి వారసురాలు. జంతువుకు తెలిసినదంతా కుక్కకు ఊరికే సంక్రమిస్తుంది. ఇక మనం వ్రాయవలసింది మొరగడం ఒక్కటే! మన వృత్తిలో ఇంత చవకగా అమ్ముడుపోయిన అబద్ధం మరొకటి లేదని నా అభియోగం.

నా కోపం ఆబ్జెక్టుల మీద కాదు. 1960లలో ఓస్లోలో డాల్, నిగార్డ్‌లు సిమ్యులా భాషను రూపొందించింది లోకంలోని వ్యవస్థలకు నమూనాలు కట్టి చూడడానికి. ప్రోగ్రాము ముక్కలను ఐసీ చిప్పుల్లా కొని అతికించుకోవచ్చునన్న ఆశ 1980లలో బ్రాడ్ కాక్స్ వంటివారి ద్వారా ప్రచారమైంది. ఆశ మంచిదే. దానికి దారి వారసత్వమని మనకు నూరిపోయడమే అన్యాయం.

ఒక ఉదాహరణ చూడండి. 1996లో వెలువడిన తొలి జావా నుండీ అందులో స్టాక్ అనే క్లాసు ఉన్నది. స్టాక్ అంటే దొంతర. విస్తరాకుల దొంతరలో పై ఆకునే తీస్తాం, పైనే పెడతాం. అదే దాని ధర్మం. కానీ ఆ క్లాసును వెక్టర్‌కు వారసునిగా చేశారు. వెక్టర్‌లో ఎక్కడైనా చొప్పించవచ్చు, ఎక్కడిదైనా పీకవచ్చు. ఆ స్వేచ్ఛ అంతా దొంతరకూ వచ్చిపడింది. నడిమి ఆకు లాగినా అడిగే దిక్కు లేదు! నాలుగు పంక్తుల శ్రమ మిగిలింది, దొంతర ధర్మం పోయింది. పాత ప్రోగ్రాములు చెడిపోతాయి కనుక ఇప్పుడు దానిని సరిదిద్దడమూ కష్టమే. దాని బదులు డెక్ వాడుకొమ్మని జావా పత్రాలే సలహా ఇస్తున్నాయి. తాతలు త్రాగిన నేతుల వాసన మూతికి అంటడం సామెత. ఇక్కడ తాతల అప్పు కూడా మనుమల నెత్తిన పడింది.

వారసత్వం కన్నా కూర్పు మేలని 'డిజైన్ ప్యాటర్న్స్' పుస్తకం 1994లోనే చెప్పింది. అయినా మన పాఠాల్లో కుక్క ఇంకా మొరుగుతూనే ఉన్నది.

క్లాసులు మానేస్తే చాలునా? చాలదు. 1996 జూన్ 4న ఫ్రెంచి గయానాలోని కూరూ నుండి ఎగిరిన ఏరియాన్ 5 రాకెట్టు నలభై సెకన్లయినా గడవకముందే దారి తప్పి పేలిపోయింది. నాలుగు క్లస్టర్ ఉపగ్రహాలు బూడిదయ్యాయి. కారణం, ఏరియాన్ 4 నుండి యథాతథంగా తెచ్చుకున్న ఏడా ప్రోగ్రాము. అందులో ఒక 64 బిట్ల సంఖ్యను 16 బిట్లలోకి కుదిస్తారు, అంటే 32,767 దాటితే పట్టదు. పాత రాకెట్టు వేగానికి అది ఎన్నడూ దాటలేదు, కొత్తది దాటించింది. నేల విడిచాక ఆ లెక్క ఏరియాన్ 5కు అవసరమే లేదు! అండగా ఉంచిన రెండవ యంత్రంలోనూ అదే ప్రోగ్రాము కనుక అదీ అలాగే చతికిలబడింది. కోడు పాతదే, పనిచేసినదే. అది ఏ హద్దుల్లో పనిచేస్తుందన్న షరతు మాత్రం దానితో పాటు ప్రయాణించలేదు. ఒప్పందం వ్రాసుకోని పునర్వినియోగం ప్రమాదమని మేయర్, జెజెకెల్‌లు 1997లో ఈ ఉదంతం మీదనే వాదించారు.

మరి పునర్వినియోగం భ్రమేనా అంటారేమో. కానే కాదు. ప్రోగ్రాము విడిభాగాలు కర్మాగారాల్లోలా తయారుకావాలని 1968లో గార్మిష్ సభలో కోరిన మెకిల్‌రాయ్, యూనిక్సుకు పైపులను ప్రతిపాదించిన వ్యక్తి కూడా. 1973 నుండి ఆ పైపుల గుండా ఒకరినొకరు ఎరుగని ప్రోగ్రాములు కలిసి పనిచేస్తున్నాయి. 2000లో వచ్చిన ఎస్‌క్యూలైట్ సీ భాషలో వ్రాసినది. నేడు ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ ఐఫోన్లలోనూ ఉన్నది. వీటిని నిలిపింది చిన్న ముఖద్వారం, స్పష్టమైన ఒప్పందం. తాతల పేరు కాదు. తెరమీది కిటికీలు, బొత్తాల వంటి చోట్ల వారసత్వం అక్కరకు వచ్చిన మాట నిజమే. కానీ ఒక గదికి నప్పిన తాళంచెవి ఊరంతటికీ నప్పదు.

కనుక ఉపాధ్యాయ మిత్రులకు ఒక విన్నపం. తల్లి నిలబడిన ప్రతిచోటా బిడ్డ నిలబడగలదా అన్న ప్రశ్నను మొదటి పాఠంలోనే పెట్టండి. లేదంటే వారసత్వం వద్దు, పాతదానిని లోపల ఉంచుకొని పని చేయించుకొమ్మనండి. కాదనేవారితో వాదానికి నేను సిద్ధమే. కానీ కుక్క ఉదాహరణతో మాత్రం రాకండి!