పుండుకు బిళ్ళ మంచిదే, దుబారా చేస్తేనే చేటు

నాట్ల రోజుల్లో బురదలో దిగినవాళ్ళ కాళ్ళు చూడండి. చిన్న గీత పడుతుంది, నాలుగు రోజులకు పుండవుతుంది. మనం చేసేదేమిటి? మందుల షాపుకెళ్ళి "పుండు మానే బిళ్ళలు రెండివ్వు" అంటాం. ఈ రెండు బిళ్ళల అలవాటు మీదే నా అభ్యంతరం.

పుండుకు నోటి మందు పనికిరాదని కాదు. యాస్ జబ్బు సంగతే తీసుకోండి. ఏజెన్సీలో దాన్ని కోయ రోగమనేవారు. కోయవారికే వచ్చేదని కాదు. రోడ్డూ ఆస్పత్రీ లేని ఊళ్ళలో ఒళ్ళు ఒళ్ళు తగిలి పిల్లల నుంచి పిల్లలకు అంటుకునే బాక్టీరియా పుండు అది. ముదిరితే ఎముకల్నే పాడుచేస్తుంది. 1996లో ఒడిశాలోని కోరాపుట్‌లో నిర్మూలన పని మొదలై, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌తో సహా మిగతా రాష్ట్రాలకూ పాకింది. ఇంటింటికీ తిరిగి రోగులను వెతికారు. రోగికీ, వాళ్ళతో మెలిగినవాళ్ళకూ పెన్సిలిన్ సూది వేశారు. 2003 తర్వాత కొత్త కేసు లేదు. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశానికి యాస్ పీడ వదిలిందని ప్రకటించింది.

ఇక బిళ్ళ కథ. బరువును బట్టి ఒక్కసారి మింగించే అజిత్రోమైసిన్ ఆ సూదికి సమానంగా పనిచేస్తుందని పాపువా న్యూగినీలో జరిపిన పరీక్షలో 2012లో తేలింది. సూది బాధ తప్పింది. కానీ ఊళ్ళకు ఊళ్ళకే ఆ మందు ఇచ్చాక, దానికి లొంగని యాస్ అక్కడే కొందరిలో బయటపడిందని 2018లో తెలిసింది.

రైతుకిది కొత్త కథా? 1987-88లో గుంటూరు, ప్రకాశం పత్తి చేలలో ఎన్నిసార్లు పైరిథ్రాయిడ్లు కొట్టినా శనగపచ్చ పురుగు చావలేదు గదా! కొట్టిందే కొడితే పురుగు మొండికేస్తుంది. ఒంట్లో క్రిమీ అంతే. మరి ఆ అజిత్రోమైసిన్‌నే మనం జలుబుకూ, దగ్గుకూ చీటీ లేకుండా కొని మింగుతున్నాం. రేపు నిజంగా అవసరం పడ్డప్పుడు అది పనిచేయకపోతే ఎవరి కాలు పోతుంది?

పైగా పుండ్లన్నీ ఒకటి కావు. షుగరు పుండు వేరు, కుష్ఠుతో స్పర్శ పోయిన కాలి పుండు వేరు. గాయం కాగానే సబ్బునీళ్ళతో కడిగి శుభ్రమైన గుడ్డ కట్టండి, ధనుర్వాతం సూది సంగతి అడగండి. వాచినా, జ్వరం వచ్చినా, వారానికి మానకపోయినా పీహెచ్‌సీకి వెళ్ళండి. రాసిచ్చిన మందు చివరిదాకా వాడండి.

తప్పంతా రైతుది కాదు. ఆస్పత్రికి పోతే ఆనాటి కూలి పోతుంది గనకే షాపు మెట్లెక్కుతున్నాడు. నాట్ల కాలంలోనైనా నర్సమ్మను, మందులను ఊళ్ళోకి పంపాలి. యాస్‌ను తరిమింది ఒక్క మందే కాదు, గుమ్మం దాకా వచ్చిన మనిషి కూడా.